సంతకానికి ముందు చట్టం చూసుకునే చోటేది? శాఖా గ్రంథాలయాల్లో న్యాయ గ్రంథాల బీరువా వుండాలి

(మా గ్రామీణ విలేఖరి)

మిర్చి కోతలు మొదలైనవంటే గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో సంతకాలకు కొదవ వుండదు. కోల్డు స్టోరేజీ బాండ్లు, కమీషను కొట్టు భాగస్వామ్య పత్రాలు, లారీ బాడుగ కాగితాలు, కౌలు కాగితాలు, ప్రామిసరీ నోట్లు, ముందు తేదీ వేసిన చెక్కులు వేసవి దాకా చేతులు మారుతూనే వుంటాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలైనా, ఈ ప్రాంతపు టిక్కీలు చేరేది మాత్రం గుంటూరు యార్డుకే.

లక్షల రూపాయల బేరాన్ని మోసే ఈ కాగితాలు రాసేవారు గాని, వాటి మీద సంతకం చేసేవారు గాని, తగాదా వస్తే కోర్టులో వాదించేవారు గాని, అసలు చట్టంలో యేమున్నదో చూసుకోవాలంటే మండల కేంద్రంలో తగిన చోటు లేదు. ఎరువుల కొట్లున్నాయి, బ్యాంకులున్నాయి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసున్నది. చట్టం పుస్తకం మాత్రం లేదు. ఇది చిన్న లోటుగా కనిపించవచ్చు. కాని దీని వల్ల నష్టపోతున్నది చిన్న వ్యాపారులు, రైతులే.

ముగ్గురి కొట్టు కథ

ఈ విలేఖరికి తెలిసిన ముగ్గురు స్నేహితులు తలా కొంత వేసుకుని మిర్చి కమీషను కొట్టు పెట్టారు. మంచి రోజు చూసి దస్తావేజు లేఖరి దగ్గర భాగస్వామ్య పత్రం రాయించుకున్నారు. ఎవరి వాటా యెంత, లాభమొస్తే యెలా, నష్టమొస్తే యెలా అన్నీ అందులో వున్నవి. రెండేళ్ళు కొట్టు బాగానే నడిచింది. తరువాత పొరుగు రాష్ట్రపు వ్యాపారి ఒకాయన సరుకు తీసుకుని డబ్బు ఎగవేశాడు. రేపు మాపు అంటూ కాలం గడిపాడు. ఇక లాభం లేదని వీరు ప్లీడరు గారి దగ్గరకు వెళ్ళేసరికి మూడేళ్ళ గడువుకు పట్టుమని పదిహేను రోజులు కూడా లేవు.

ప్లీడరు గారు పత్రం తిరగేసి అడిగిన మొదటి ప్రశ్న, "సంస్థను రిజిస్టరు చేయించారా?" అని. లేదు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 69వ సెక్షను ప్రకారం, రిజిస్టరు కాని సంస్థ తన ఒప్పందం మీద రావలసిన బాకీ కోసం బయటివారి మీద దావా వేయడానికి వీలు లేదు. భాగస్వామ్యం పెట్టుకోవడానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కాని కోర్టు మెట్లు ఎక్కాలంటే అది కావాలి. ఈ ఒక్క ముక్క ఆ ముగ్గురికీ యెవరూ చెప్పలేదు. అప్పటికప్పుడు రిజిస్ట్రేషనుకు పరుగెత్తితే గడువులోగా పని అవుతుందన్న నమ్మకం లేక, చివరకు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి సగం సొమ్ముకు రాజీ పడ్డారు. ఒకాయన భార్య పుస్తెలతాడు ఇంకా తాకట్టులోనే వున్నది.

తప్పు యెవరిది? దస్తావేజు లేఖరిని అడిగితే ఆయన కోప్పడలేదు. "నా దగ్గరున్న నమూనా మా గురువుగారిదండీ. నలభై యేళ్ళుగా అదే రాస్తున్నాం, ఇంతవరకూ మాట రాలేదు" అన్నాడు. ఆయన మాట నిజమే. నమూనాలో తప్పు లేదు. నమూనాలో లేనిదే కొంప ముంచింది. పత్రం యెలా రాయాలో నమూనా చెబుతుంది. రాసిన తరువాత యేమి చేయాలో చట్టం చెబుతుంది. మన దగ్గర నమూనా వున్నది, చట్టం లేదు.

పాత పుస్తకంతో వచ్చే చేటు

చట్టం పుస్తకం బొత్తిగా లేకపోవడం ఒక యెత్తు, పాత పుస్తకం వుండటం మరొక యెత్తు. పల్లె ప్రాంతపు కోర్టు ఒకదానిలో బార్ గ్రంథాలయం చూసే అవకాశం ఈ విలేఖరికి కలిగింది. అద్దాల బీరువాల్లో అట్టలు ఊడిన రిపోర్టులు, చెదలు తిన్న వాల్యూములు కనిపించినవి. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన యువ న్యాయవాది ఒకరు చెక్కుల చట్టం మీద వ్యాఖ్యాన గ్రంథం తీసి చూపించారు. అది 1990 దశకంలో అచ్చయినది.

చెక్కు చెల్లకపోతే నేరమని చెప్పే 138వ సెక్షను, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 1989 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. బ్యాంకు చెక్కు తిప్పి పంపిన సమాచారం అందిన 15 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలని అప్పట్లో వుండేది. 2002 సవరణ ద్వారా, 2003 ఫిబ్రవరి 6 నుంచి అది 30 రోజులైంది. ఆ పాత పుస్తకాన్ని నమ్ముకుంటే, ఇరవయ్యో రోజున వచ్చిన రైతును "గడువు దాటిపోయిందయ్యా" అని తిప్పి పంపే ప్రమాదమున్నది. అలాగే చెక్కు చెల్లుబాటు కాలం పూర్వం ఆరు నెలలు. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2012 ఏప్రిల్ 1 నుంచి మూడు నెలలే.

అంతకంటే విచిత్రం, కేసు యే ఊళ్ళో వేయాలన్న విషయం. చెక్కు ఇచ్చిన చోటు, బ్యాంకు వున్న చోటు, నోటీసు పంపిన చోటు వంటి అయిదింటిలో యెక్కడైనా వేయవచ్చునని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. కాదు, చెక్కు యే బ్యాంకు మీద రాశారో ఆ బ్యాంకు వున్న చోటనే వేయాలని 2014 ఆగస్టు 1న చెప్పింది. యేడాది తిరగకుండానే, 2015 జూన్ 15 నుంచి చట్టం మారింది. చెక్కును తన ఖాతాలో వేసుకున్న వ్యక్తికి యే శాఖలో ఖాతా వున్నదో అక్కడి కోర్టులోనే ఇప్పుడు కేసు వేయవచ్చు. 2014 చివర అచ్చయిన పుస్తకం చేతిలో వున్నవాడు, రాజస్థాన్ బ్యాంకు చెక్కు పుచ్చుకున్న మన వ్యాపారిని రాజస్థాన్‌కే పొమ్మంటాడు. రైలు ఖర్చులకు జడిసి ఆ వ్యాపారి బాకీ వదులుకుంటాడు. ఒక్క పుటలో తేడా, ఒక కుటుంబం డబ్బు.

150 యేళ్ళు పైబడిన 1872 నాటి సాక్ష్య చట్టం కూడా ఇప్పుడు లేదు. దాని స్థానే భారతీయ సాక్ష్య అధినియమం 2024 జూలై 1 నుంచి అమలవుతున్నది. సెల్‌ఫోనులో కుదిరిన బేరానికి రుజువుగా సందేశాలను కోర్టులో యెలా దాఖలు చేయాలో ఆ కొత్త చట్టంలో చూసుకోవాలి. పాత బీరువాల్లో అది యెక్కడిది?

వెతికేవారికి దారులున్నవి

ఇంతా చెప్పి, చట్టం దొరకదని చెప్పడం ఈ విలేఖరి ఉద్దేశం కాదు. దొరుకుతుంది. చాలా వరకు ఉచితంగా కూడా దొరుకుతుంది. ఎక్కడ వెతకాలో తెలియకపోవడమే అసలు చిక్కు. అనుభవజ్ఞులైన న్యాయవాదులు, రిజిస్ట్రేషను ఉద్యోగులు చెప్పిన దాన్ని బట్టి పాఠకుల సౌకర్యార్థం కొన్ని దారులు ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మొదటిది, చట్టం అసలు పాఠం. కేంద్ర ప్రభుత్వం నడిపే ఇండియా కోడ్ వెబ్‌సైటులో కేంద్ర చట్టాలు, రాష్ట్ర చట్టాలు సవరణలతో సహా పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. వ్యాపారపు కాగితాలకు ముఖ్యంగా కావలసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1872 కాంట్రాక్టు చట్టం, 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1882 ఆస్తి బదిలీ చట్టం, 1899 స్టాంపు చట్టం, 1908 రిజిస్ట్రేషను చట్టం, 1930 సరుకుల విక్రయ చట్టం, 1932 భాగస్వామ్య చట్టం, 1963 కాలపరిమితి చట్టం. కంపెనీలతో పనిబడితే 2013 కంపెనీల చట్టం. కేంద్ర చట్టాలకు ప్రాంతీయ భాషల్లో ప్రామాణిక పాఠాలు ప్రకటించేందుకు 1973లోనే ప్రత్యేక చట్టం చేశారు. ఆ విధంగా తెలుగులోకి వచ్చిన చట్టాలూ వున్నవి. అవి వున్నట్టు మన ఊళ్ళో యెందరికి తెలుసు?

రెండవది, రాష్ట్రపు మార్పులు. స్టాంపు సుంకం విషయంలో ఒక రాష్ట్రానికీ మరొక రాష్ట్రానికీ పోలిక లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయిన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దారులు కూడా వేరు. 2019 జనవరి 1 నుంచి హైకోర్టులూ వేరు. కనుక హైదరాబాదు బంధువు పంపిన అగ్రిమెంటు నమూనా ఇక్కడ యథాతథంగా పనికిరాకపోవచ్చు. స్టాంపు తక్కువైన దస్తావేజును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. తీసుకోవాలంటే లోటు సుంకంతో పాటు పది రెట్ల వరకు జరిమానా కట్టవలసి వస్తుంది. ప్రామిసరీ నోటుకైతే ఆ వెసులుబాటు కూడా లేదు. స్టాంపు లేకుండా రాసిన నోటును జరిమానా కట్టినా కోర్టు సాక్ష్యంగా చూడదు. రాష్ట్ర రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ వెబ్‌సైటులో సుంకాల పట్టిక వుంటుంది. కాగితం కొనకముందే చూసుకోవడం మేలు.

మూడవది, తీర్పులు. సుప్రీంకోర్టు తన తీర్పుల అధికారిక సంకలనాన్ని 2023 జనవరి 2 నుంచి ఆన్‌లైన్‌లో న్యాయవాదులకు, విద్యార్థులకు, సామాన్యులకు ఉచితంగా ఇస్తున్నది. కొన్ని తీర్పుల తెలుగు అనువాదాలు కూడా వస్తున్నవి. ఇండియన్ కానూన్ అనే వెబ్‌సైటు 2008 నుంచి తీర్పులను వెతికి చూసుకునే వీలు కల్పిస్తున్నది. డబ్బు కట్టి చూసే మనుపాత్ర, ఎస్.సి.సి. ఆన్‌లైన్ వంటివి మరింత సదుపాయం. కాని వాటి చందా పల్లె కోర్టులో ప్రాక్టీసు చేసే జూనియరుకు మోయరాని బరువు. అచ్చు పుస్తకాల్లో ఆంధ్రా లా టైమ్స్, ఆంధ్రా లీగల్ డెసిషన్స్ వంటివి మన హైకోర్టు తీర్పులకు దిక్కు.

నాలుగవది, యెదుటి మనిషి పుట్టు పూర్వోత్తరాలు. పుస్తకాల్లో లేనిది రిజిస్టర్లలో వుంటుంది. భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు ఈసీలో కనిపిస్తాయి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోని ఒకటవ నంబరు పుస్తకాన్ని రుసుము చెల్లించి యెవరైనా చూడవచ్చునని రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను చెబుతున్నది. అయితే పట్టాలు, దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు ఈసీలో కనిపించకపోవచ్చు. అందుకోసం సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ 2011 నుంచి పని చేస్తున్నది. కొద్దిపాటి రుసుముతో అక్కడ వెతికించుకోవచ్చు. భాగస్వామ్య సంస్థల రిజిస్టరును కూడా రుసుముతో యెవరైనా చూడవచ్చునని 66వ సెక్షను. కంపెనీ అయితే డైరెక్టర్లెవరు, ఆస్తుల మీద తాకట్టు యేమున్నది అన్నది కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో తెలుస్తుంది. జి.ఎస్.టి. నంబరు నిజమైనదా, రద్దయినదా అన్నది ఫోనులోనే నిమిషంలో చూడవచ్చు. సరుకు లారీ కెక్కించే ముందు ఈ నిమిషం ఖర్చు పెట్టినవాడు తరువాత సంవత్సరాల తరబడి తిరగనక్కరలేదు.

చిన్న అక్షరాల్లోనే మర్మం

కొన్ని హక్కులు వున్నట్టు కూడా మనవారికి తెలియదు. చిన్న కారం మిల్లు నడిపే వ్యక్తి ఉద్యం రిజిస్ట్రేషను ముందే చేయించుకుని వుంటే, సరుకు కొన్నవారు ఒప్పందంలో యేమి రాసుకున్నా 45 రోజులు మించకుండా డబ్బు ఇవ్వాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం చెబుతున్నది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో చెల్లించాలి. ఈ సంగతి తెలిసిన మిల్లు యజమాని నోటీసులో ఒక్క వాక్యం రాస్తే చాలు, యెదుటివాడు ఆలోచనలో పడతాడు.

బిల్లు అడుగున "తగాదాలు ముంబయి కోర్టుల పరిధికి లోబడి" అని చిన్న అక్షరాల్లో వుంటుంది. దాన్ని చూసి మనవారు జడుసుకుంటారు. అసలు ఆ వ్యవహారంతో యే సంబంధమూ లేని కోర్టుకు, ఇరు పక్షాలు ఒప్పుకున్నంత మాత్రాన అధికారం రాదు. రెండు చోట్ల అధికారమున్నప్పుడు అందులో ఒకదాన్ని యెంచుకోవడం మాత్రం చెల్లుతుంది. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1971లోనే స్పష్టం చేసింది. కనుక ఆ చిన్న అక్షరాలు చదవకుండా సంతకం చేయడమూ తప్పే, చదివి ఊరికే బెదిరిపోవడమూ తప్పే.

నోటు వెనుక చెల్లు వేయించుకోవడం మన పెద్దలకు బాగా తెలిసిన పద్ధతి. గడువులోగా కొంత సొమ్ము కట్టి, కట్టినవారు సంతకం చేస్తే, గడువు మళ్ళీ అప్పటి నుంచి మొదలవుతుందని కాలపరిమితి చట్టం 19వ సెక్షను. అక్షరం రాని తాతలు కూడా ఈ చట్టాన్ని పాటించారు. ఎందుకంటే అది నోటి మాటగా ఊరూరా తిరిగింది. ఇప్పుడు బేరాలు పెరిగినవి, చట్టాలు పెరిగినవి, నోటి మాట చాలడం లేదు.

ఫోనులో అంతా వున్నదంటే చాలదు

"ఇంకా గ్రంథాలయమేమిటి, అంతా సెల్‌ఫోనులోనే వున్నది కదా" అని కొందరు యువకులు వాదిస్తున్నారు. ఆ వాదనలో సగం నిజమున్నది. కాని ఫోనులో అడిగిన ప్రశ్నకు పది జవాబులు వస్తాయి. వాటిలో యేది సవరణకు ముందుది, యేది తరువాతది, యేది మన రాష్ట్రానికి వర్తించేది అన్నది తేల్చుకోవడమే అసలు విద్య. ఇప్పుడు కృత్రిమ మేధ యంత్రాలు కూడా జవాబులు చెబుతున్నవి. న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు అటువంటి యంత్రం చెప్పిన తీర్పులను సరిచూసుకోకుండా కోర్టులో దాఖలు చేశారు. తీరా చూస్తే అటువంటి తీర్పులే లేవు. 2023 జూన్‌లో కోర్టు వారికి, వారి కార్యాలయానికి కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించింది. చదువుకున్న ప్లీడర్లకే ఆ గతి పడితే, పల్లెటూరి వ్యాపారి మాట చెప్పనక్కరలేదు.

"చట్టం ప్లీడర్ల పని, మనకెందుకు" అనేవారూ వున్నారు. దావా నడపడం ప్లీడర్ల పనే. వారి సలహా లేకుండా పెద్ద బేరానికి దిగమని ఈ విలేఖరి చెప్పడం లేదు. కాని సంతకం మనది. ప్లీడరు గారి దగ్గరకు వెళ్ళే ముందు యేమి అడగాలో తెలిసివుంటే, ఆయనకూ పని సులువు, మనకూ ఖర్చు తక్కువ. ఒంట్లో నొప్పి యెక్కడో చెప్పగలిగితేనే గదా వైద్యుడు మందు ఇచ్చేది!

చేయవలసిన పని

ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు. మండలాల్లో శాఖా గ్రంథాలయాలున్నవి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జాతి మనది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాము. స్థానిక సంస్థలు ఆ సొమ్మును సకాలంలో గ్రంథాలయ సంస్థకు జమ చేయడం లేదన్న ఫిర్యాదు యేనాటి నుంచో వింటున్నదే. ఆ బకాయిలో కొంత వసూలైనా ప్రతి శాఖలో ఒక న్యాయ గ్రంథాల బీరువా పెట్టవచ్చు. పైన చెప్పిన చట్టాల మూల పాఠాలు వ్యాఖ్యానం లేకుండా కొంటే చవకే. తెలుగు పాఠాలు వున్నవాటిని అచ్చు తీయించి అట్ట వేయించి వుంచవచ్చు. ప్రతి పుస్తకం మొదటి పుటలో "యే తేదీ వరకు సవరణలు చేర్చినది" అన్న చీటీ అంటించాలి. పాతబడినవాటిని తీసివేయాలి. పాఠకులకు ఒక కంప్యూటరు, పైన చెప్పిన వెబ్‌సైట్ల పేర్లతో గోడ మీద ఒక పట్టిక వుంటే మరీ మంచిది.

బీరువా ఒక్కటే చాలదు, తాళం తీసి చూపే మనిషి కావాలి. మండల న్యాయ సేవాధికార సంఘాలు గ్రామాల్లో న్యాయ విజ్ఞాన సదస్సులు జరుపుతున్నవి. గృహ హింస, బాల్య వివాహాలు, రోడ్డు ప్రమాదాల గురించి చెబుతున్నారు. సంతోషం. మిర్చి సీజను ముందు ఒక్క సదస్సు కౌలు కాగితం, ప్రామిసరీ నోటు, చెక్కు, భాగస్వామ్య పత్రం మీద కూడా పెట్టాలి. వారానికి ఒక పూట యువ న్యాయవాది ఒకరు గ్రంథాలయంలో కూర్చుని దారి చూపే యేర్పాటు చేస్తే, అటు ఆయనకూ అనుభవం, ఇటు జనానికీ మేలు. బార్ అసోసియేషన్లు కూడా తమ బీరువాలు దులిపి, చందాలు కలిపి వేసుకుని ఒక్క కొత్త రిపోర్టరైనా తెప్పించుకోవాలి. దస్తావేజు లేఖరులకు రిజిస్ట్రేషను శాఖవారు యేడాదికొకసారి మారిన సంగతులు చెప్పే తరగతి పెట్టడం అవసరం. అనుభవంలో వారికి సాటి లేదు. వారికి లేనిది తాజా సమాచారమే.

గ్రంథాలయ సంస్థ అధికారులు, న్యాయ సేవాధికార సంస్థవారు, రిజిస్ట్రేషను శాఖవారు ఈ విషయమై శ్రద్ధ వహించాలని కోరుతున్నాము. రానున్న మిర్చి సీజను నాటికి కనీసం నియోజకవర్గానికొక గ్రంథాలయంలోనైనా ఈ బీరువా తెరుచుకోవాలి. అప్పటి దాకా పాఠకులు చేయగలిగినది ఒకటున్నది. కలం తీసే ముందు, "ఇది రాసిన తరువాత ఇంకా యేమి చేయాలి?" అని లేఖరిని, ప్లీడరును ఒక్క మాట అడగండి. ఆ ముగ్గురు స్నేహితులూ అడగనిది ఆ ఒక్క మాటే.